పైపు పగిలినకాడ నీరుగొబ్బి

ఏమయ్యా పెద్దమనిషీ, నల్లా కింద బిందె పెట్టి ఇది చదువుతున్నవు గదా? నాకు తెలుసు. చదువు, చదువు. బిందె నిండేలోపు కథ ఒడుస్తది. బిందె నిండుతదా అని మాత్రం నన్ను అడగకు, నేను నీళ్ల ఆఫీసోన్ని కాదు.

ముందుగాల ఒక మహా సత్యం చెప్తున్న, రాసి పెట్టుకో. మన పట్నంల ఒక అడవి పూలమొక్క బతకాలంటే నాలుగు కావాలె: బురద, ఎండ, నీళ్లు, పెండింగ్ ఫైలు. మొదటి మూడిట్ల అటూ ఇటూ అయినా నడుస్తది. నాలుగోది లేకుంటే మొక్క వారం దాటదు.

గీ మాట చెప్పెటందుకు నువ్వెవనివి అంటవా? పేరు శ్రీనివాసులు. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిన (మొదటిసారి నాకు పాఠం సమజ్ కాలే, రెండోసారి పంతులుకు నేను సమజ్ కాలే). యూనివర్సిటీల మొక్కల డిపార్ట్‌మెంట్‌కు ఇరవై ఆరేండ్ల సంది అటెండర్ని. హెడ్డులు మారిండ్రు, కుర్చీలు మారినయి. నేనూ బీరువా తాళంచెవీ మారలే. ఇల్లు తార్నాకల, క్యాంపస్ గోడ అవతలి గల్లీల.

మా డిపార్ట్‌మెంట్ ఎనక భూమిల ఒక పాత పైపు ఉన్నది. పదకొండేండ్ల కింద పగిలింది. ఫిర్యాదు రాసింది నేనే. "అయ్యా, నీళ్లు ఉత్తగ పోతున్నయి" అని. ఇంజనీరింగ్ సెక్షన్ అదే దినం కదిలింది. ఫిర్యాదుకు నంబర్ ఇచ్చింది. నంబర్ ఇచ్చినంక పని అయినట్టే లెక్క, ఇగ పైపు సంగతి పైపే చూసుకోవాలె.

పైపు మంచిగనే చూసుకున్నది. మొదటేడు బురద చేసింది. రెండో ఏడు తుంగ, కప్పలు. మూడో ఏడు నీరుగొబ్బి మొలిచింది. ఎవ్వడు నాటలే. ఏ కొంగ కాళ్లకు అంటుకొని వచ్చిందో. (దాని గింజ తడిస్తే బంక అయితది. ఒక్కసారి అతుక్కున్నదంటే వదలదు, ఇంచార్జి పోస్టు దొరికిన సారు లెక్క.) నడుమెత్తు పెరుగుతది. గణుపు గణుపుకు చుట్టూ ఆరు ముళ్లు, ముళ్ల నడుమ వంకాయ రంగు పూలు. నడి నీళ్లల్ల నిలవడదు, ఎండిన నేలకు రాదు. ఒడ్డు మీద కాళ్లు తడిసీ తడవనట్టు నిలవడుతది, మీటింగుల తలుపు కాడ నిలవడే కొత్త లెక్చరర్ తీరుగ. ముళ్లున్నయని బర్రెలు ముట్టవు. బర్రెలు ముట్టవని చిన్న పిట్టలు గూడు కడతయి. రెక్కల మీద నెమలికండ్లున్న సీతాకోకచిలుక దాని ఆకుల మీదనే గుడ్లు పెడతది. తుమ్మెదలు పొద్దున్నే డ్యూటీకి వస్తయి. క్యాంపస్‌ల టైముకు వచ్చేది అవే.

నా మేనకోడలు శ్రావ్య పీహెచ్‌డీ గీ గుంట మీదనే. పట్నంల చెరువులు పోయినంక చిత్తడి మొక్కలు యాడ బతుకుతున్నయి, ఎట్ల బతుకుతున్నయి అని. మూడు చలికాలాలు పూలు లెక్కవెట్టాలె. రెండు అయినయి. మూడోది జనవరి ఆఖరు దాకా. నడుమ గుంట ఎండితే పూలు లేవు, పూలు లేకుంటే లెక్క లేదు, లెక్క లేకుంటే డిగ్రీ లేదు. స్కాలర్‌షిప్ గడువు కూడ అప్పటికే అయిపోతది. పొద్దుగాల ఏడింటికి మోకాలు దాకా బురదల దిగి, నోట్‌బుక్ నెత్తి మీద పెట్టుకొని లెక్కవెడ్తుంటది.

"ఏం కోడలా, పెండ్లికొడుకు దొరికిండా బురదల?" అంటే, "దొరికిండు మామా, కప్ప. నీకంటే మంచిగ మాట్లాడుతున్నడు" అంటది.

గిట్ల నడుస్తుంటే అక్టోబర్‌ల ఒక ఉపద్రవం వచ్చింది. దాని పేరు 'జలనేస్తం'. యాప్. పాత ఫిర్యాదులన్నీ నెల లోపల మూసెయ్యాలె అని హుకుం. దాంతోపాటు దినేష్ అని కొత్త ఇంజనీరు వచ్చిండు. పోరడు మంచోడే. రోగం ఒక్కటే, పని చేస్తడు.

ఒకనాడు ఇద్దరు మనుషులను, గడ్డపారలను ఏసుకొని గుంట కాడికి వచ్చిండు. శ్రావ్య బురదలకెల్లి ఉరికొచ్చింది.

"సార్, సార్, జనవరి దాకా ఆగుండ్రి!"

"మేడమ్, పదకొండేళ్ల పెండింగ్ ఇది. రేపు పొద్దున వెల్డింగ్. యాప్‌లో నాకు రెడ్ చూపిస్తోంది."

"ఇది చిత్తడి నేల సార్."

"ఇది లీకేజీ మేడమ్."

ఇద్దరూ చెప్పింది నిజమే. గట్లాంటప్పుడు ఆఫీసుల నిజంతోటి పని జరగదు.

శ్రావ్య మెట్ల మీద కూసొని ఏడ్వవట్టింది. "ఏడ్వకు బిడ్డా, రేపటి దాకా మామకు ఇడ్సిపెట్టు" అన్న. సీదా విద్యానగర్ పోయి పెయింటర్ దగ్గర ఆకుపచ్చ రేకు మీద తెల్లక్షరాలతోటి బోర్డు రాపిచ్చిన:

'రక్షిత చిత్తడి నేల. నీరుగొబ్బి ఆవాస ప్రాంతము. నియమము 14 (బి) ననుసరించి ఇచ్చట తవ్వుట, పూడ్చుట, ప్రశ్నలు అడుగుట నిషేధము.'

కింద ఫైలు నంబర్. (మా ఇంటి గ్యాస్ కనెక్షన్ నంబర్ అది. మతికున్న పెద్ద నంబర్ అదొక్కటే.) 14 (ఎ) ఏందని ఎవడన్న అడుగుతడేమోనని ఒక జవాబు కూడ తయారు పెట్టుకున్న. ఒక్కడు అడగలే. నిషేధం గదా.

తెల్లారి దినేష్ వచ్చిండు. బోర్డు చదివిండు. హెల్మెట్ తీసిండు. ఆఫీసుకు ఫోన్ చేసిండు. ఆఫీసోళ్లు ఫైలు ఎతికిండ్రు, దొరకలే. దొరకలేదంటే లేదని కాదు, పై ఆఫీసుల ఉన్నదని. పై ఆఫీసుల రత్నాకర్ సార్ ఉంటడు, సంయుక్త సహాయ ఉపాధికారి. ఆయన బీరువాల కూడ దొరకలే. ఫైలు పోగొట్టిండని పేరు వస్తదని భయపడి, రెండు దినాలు కూసొని డూప్లికేట్ ఫైలు తయారుచేపిచ్చిండు. పదకొండేండ్ల కిందటి తారీకు ఏసి, మూడు రంగుల సంతకాలు పెట్టిపిచ్చి. ఫైలు చూసి నాకే అనుమానం వచ్చింది, బోర్డు నేను పెట్టలేదేమోనని.

ఇగ ఆపెటోడెవడు? 'నీరుగొబ్బి ఆవాస పరిరక్షణ మండలి' పుట్టింది. మొదటి మీటింగ్‌ల చాయ్, బిస్కట్లు, దరఖాస్తు ఫారం. మొక్క పేరు. తండ్రి పేరు (వర్తించదు అని రాస్తే ఫారం ఎనక్కి వచ్చింది, 'కొంగ' అని రాస్తే పాసయింది). మొక్క లోకలా, నాన్ లోకలా?

"ఎనిమిదేండ్ల సంది గీడనే ఉన్నది సార్," అన్న నేను.

"స్టడీ సర్టిఫికెట్ ఉన్నదా?" అన్నడు రత్నాకర్ సార్.

"మూడేండ్ల సంది నేనే స్టడీ చేస్తున్న సార్," అన్నది శ్రావ్య. జతచేసిండ్రు.

తుమ్మెదలకు గేటుపాసు తీర్మానించిండ్రు. అవి రెక్కలు ఆడిస్తుంటే ఫొటో మసక వస్తదని వాయిదా ఏసిండ్రు. ఆఖరుకు అసలు ప్రశ్న వచ్చింది.

"ఈ ఆవాసానికి నీటి వనరు ఏమిటి?"

"లీకేజీ సార్," అన్నది శ్రావ్య, నేల చూపులు చూసుకుంట.

రత్నాకర్ సార్ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "అయితే లీకేజీని కూడా పరిరక్షించవలసి ఉంటుంది. బాధ్యులు ఎవరు?"

అందరూ కిటికీలకెల్లి చూసిండ్రు. నేను చాయ్ గ్లాసులు ఏరుతున్న. మండలిల నిలవడి ఉన్నది నేనొక్కణ్నే. గట్ల నన్ను 'లీకేజీ సంరక్షకుడు' చేసిండ్రు. 'పైపు బాగుకాకుండా చూచు బాధ్యత నాది' అని సంతకం పెట్టిన. ఐడీ కార్డు ఇచ్చిండ్రు. మెడల ఏసుకొని తార్నాక చౌరస్తాల రెండు రౌండ్లు కొట్టిన.

గా దినేష్ పోరడు పనోడని చెప్పిన గదా? ప్రతి సోమవారం వచ్చి లీకేజీ తగ్గలేదని కొలిచి, యాప్‌ల గ్రీన్ పెడుతుండె. నవంబర్‌ల పగులు కాడ ఆకులు అడ్డంపడి నీళ్లు తగ్గినయి. తెల్లారి నాకు మెమో: 'లీకేజీ పట్ల నిర్లక్ష్యమునకు సంజాయిషీ.' ఇరవై ఆరేండ్ల సర్వీసుల మొదటి మెమో! పరువు పోయినట్టయింది. గడ్డపార పట్టుకపోయి నా చేతులతోటి పగులు ఇంత పెద్దగ చేసిన. నీళ్లు బుడబుడ పొంగినయి. నీరుగొబ్బి విరగబూసింది. శ్రావ్య దోసెడు సంబురంతోటి లెక్కవెట్టుకున్నది. దినేష్ మెచ్చుకోలు పత్రం ఇచ్చిండు.

ఇంటికాడ మాత్రం వేరే లొల్లి. మా గల్లీకి నల్లా పదకొండేండ్ల సంది సన్నగ దారంలెక్క వస్తది. దీనికి కారణం పక్కింటి యోహాను అని నేను ఎప్పుడో తేల్చిన. రిటైరయిన క్లర్కు, కాకినాడ దిక్కు ఆయన. చాటుగ మోటరు పెట్టి మా నీళ్లు గుంజుతున్నడని ఆయనతోటి మాట్లాడుడు బంద్ జేసిన. నవంబర్‌ల గా దారం కూడ తెగింది.

"మెడల పట్టీ ఏసుకొని తిరుగుడే ఉన్నది, ఇంట్ల గొంతు తడుపుకోను నీళ్లు లేవు," అని నా పెండ్లాం ఈశ్వరమ్మ ఖాళీ బిందె నా ముందట బోర్లేసింది.

నేను గోడ కాడికి పోయిన. "ఏం యోహాను గారూ! కొత్త మోటరా? పెద్దదే తెచ్చినట్టున్నరు!"

ఆయన కూడ ఖాళీ బకెట్ పట్టుకొనే బయటికి వచ్చిండు. "మా ఇంట్లో మోటరేంటండీ బాబూ! మోటరు మీదేనని మా ఆవిడ సారమ్మ పదకొండేళ్లుగా మీ కోసం ప్రార్థన చేస్తోందండి, మీ మనసు మారాలని."

"అబద్ధమాడకుండ్రి!"

"ఇదిగోండి, బకెట్టు చూసుకోండి. ఇందులో అబద్ధం కూడా లేదండి."

ఆయన నటన మంచిగ చేస్తున్నడనుకొని లోపలికి వచ్చిన.

జనవరి అయిపోయింది. లెక్క పూర్తయింది. వేసవిల శ్రావ్య థీసిస్ బైండింగ్ చేపిచ్చుకొని మొదటి కాపీ మా ఇంటికే తెచ్చింది. "మామా, మొదటి పేజీల నీ పేరుంది" అన్నది. నేను ఊరుకుంటనా? గల్లీ అంతా పిలిచిన. యోహానును కూడ పిలిచిన, కుళ్లుకోని అని. వాకిట్ల కుర్చీ ఏసుకొని, మెడల కార్డు సదురుకొని గట్టిగ చదివిన:

"'ఈ పరిశోధనకు ఆధారమైన నీరుగొబ్బికి పదకొండేళ్లుగా తమ ఇంటి నల్లా నీళ్లను దానం చేసిన మా మామయ్య శ్రీనివాసులు గారికి, ఈశ్వరమ్మ అత్తయ్యకు, పక్కింటి యోహాను గారి కుటుంబానికి...'"

గీ దానం నేనెప్పుడు చేసిన? ఒక పేజీ తిప్పితే పటం ఉన్నది. మా డిపార్ట్‌మెంట్, పగులు, పైపు. పైపు గోడ కిందికెల్లి దూరి సీదా మా గల్లీల తేలింది. ఆఖరుకు చిన్న చుక్క. చుక్క పక్కన మా ఇంటి నంబర్.

"నీకు ఎప్పుడు తెలుసే?" అన్న.

"మొదటి వారమే మామా. నీళ్లు యాడికెల్లి వస్తున్నయో, యాడికి పోవాల్నో చూడకుండ ఆవాసం మీద థీసిస్ ఎట్ల రాస్తా?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే గదా. అడుగుట నిషేధమని బోర్డు కూడ పెట్టినవ్."

యోహాను గారు మెల్లగ లేచి లోపలికి పోయిండు. ప్రార్థన ఆపమని చెప్పెటందుకో, ఇంక గట్టిగ చెయ్యమనెటందుకో తెల్వదు. ఈశ్వరమ్మ ఏమన్నదో గీడ రాస్తే నువ్వు బిందె ఇడ్సిపెట్టి ఉరుకుతవు.

అదే సాయంత్రం యాప్‌ల ఫిర్యాదు పెట్టిన, మా గల్లీకి పైపు బాగుచెయ్యాలె అని. రెండు నిమిషాలల్ల జవాబు వచ్చింది: 'మీ ఫిర్యాదు అందినది. సదరు పైపు రక్షిత ప్రాంతములో ఉన్నందున, లీకేజీ సంరక్షకుడు శ్రీ శ్రీనివాసులు గారి నుండి నిరభ్యంతర పత్రము జతచేయగలరు.'

తెల్లారి ఆఫీసుకు పోయి, శ్రీనివాసులు గారికి దరఖాస్తు పెట్టుకున్న. ఆయన తీసుకున్నడు, రెండుసార్లు చదివిండు, నంబర్ ఇచ్చిండు.