పొగ లేని బండి

పొగ పీలిస్తే మనిషికి దగ్గు వస్తుందన్న సంగతిని ఉపమంత్రి వీరరాఘవయ్యగారు విదేశాలకు వెళ్ళి, పద్దెనిమిది రోజులు సభల్లో కూర్చుని మరీ కనుక్కొచ్చారు. వచ్చాక ఒక్కరోజు కూడా విశ్రాంతి తీసుకోలేదు. 1974 ఆగస్టులో 'పొగ నిర్మూలన వారోత్సవాలు' ప్రకటించి, మొదటి ఊరేగింపుకు రేపల్లెను ఎన్నుకున్నారు. రేపల్లెలో పొగ ఎక్కువని కాదు. వియ్యంకుడిది ఆ ఊరు.

ఊరేగింపుకు టాపు లేని బండి చూసే బాధ్యత తెనాలి నాయకులు పాండురంగారావుగారి నెత్తిన పడింది. ఆయన వెంటనే అంగలకుదురు హనుమయ్యను పిలిపించారు. హనుమయ్యకు మిలిటరీవాళ్ళు వేలం వేసిన పాత పికప్ ఒకటుంది. భట్టిప్రోలు నుంచి తెనాలి మిల్లులకు ధాన్యం బస్తాలు తోలుతూ, దాని మీదే అతనూ భార్య వెంకటరత్నమ్మా బతుకుతున్నారు. పర్మిట్ ఆ శుక్రవారంతో అయిపోతోంది. పర్మిట్ లేని బండి వాకిట్లో అరుగుతో సమానం.

"మంత్రిగారి చేతి మీదుగా పర్మిట్ ఇప్పిస్తాను. కానీ బండికి పొగ రాకూడదు," అన్నారు పాండురంగారావుగారు.

"ఇంజనన్నాక పొగ రాదాండి?"

"రావచ్చు. మంత్రిగారి మీదికి రాకూడదు."

గురువారం పొద్దున్నే తెనాలిలో రిహార్సల్ పెట్టారు. మంత్రిగారి స్థానంలో పాండురంగారావుగారే బండి వెనక నిలబడి, ఎదురుగా ఎవరూ లేకపోయినా రెండు పక్కలా నమస్కారాలు పెట్టారు. వంద గజాలు పోయేసరికి ఆయన ఖద్దరు లాల్చీ వంటింట్లో మసిగుడ్డలా తయారైంది. మెకానిక్ కృపారావుకు కబురెళ్ళింది.

కృపారావు పొగగొట్టాన్ని ఎడమ పక్కకు మార్చాడు. అటు హారతులు పట్టే మహిళామండలి ఉంటుందన్నారు. కుడికి మార్చాడు. అటు ఫొటోగ్రాఫరు ఉంటాడన్నారు. ముందుకు తిప్పాడు. ముందు నడుస్తున్న సన్నాయి బసవలింగం ఒక్క ఊపిరి పీల్చి, మిగతా కచేరీ దగ్గుతోనే కానిచ్చాడు. పైకి నిలబెడితే పొన్నూరు రైస్ మిల్లు ఊరేగుతున్నట్టుంది.

"ప్రజల వైపు తిప్పవయ్యా!" అని విసుక్కున్నారు పాండురంగారావుగారు.

"ప్రజలు ఎటుంటారండి?"

"అదే ఈసారి ఎవరికీ అంతుపట్టడం లేదు."

చివరికి ఉపాయం ఆయనకే తట్టింది. ఊరేగింపులో ఎవరి కంటికీ ఆననివాడు డ్రైవరొక్కడే. గొట్టాన్ని హనుమయ్య సీటు పక్కకు తెచ్చి, అద్దాలు పైకెత్తి మూసేశారు. బయటికి ఒక్క పొగచార రాలేదు. పాండురంగారావుగారు చప్పట్లు కొట్టారు. లోపల హనుమయ్యకు చప్పట్లు వినపడ్డాయి గానీ రోడ్డు కనపడలేదు. కళ్ళు తుడుచుకునేసరికి ముందు చక్రం కాలవ గట్టు దిగుతోంది.

"చస్తానండీ బాబూ!"

"రేపు సాయంత్రం దాకా ఓపిక పట్టవయ్యా. పర్మిట్ వద్దా ఏంటి?"

హనుమయ్యకు ఒళ్ళు మండింది. పర్మిట్ గుర్తొచ్చి చల్లారింది.

"ఇక ఇంజను ఆపేసి తోసుకోవడమేనండి," అన్నాడు కృపారావు వెటకారంగా. పాండురంగారావుగారు దాన్ని వెటకారం అనుకోలేదు. ఆయన నాయకుడైంది అందుకే.

శుక్రవారం రేపల్లెలో ఆ ఊరేగింపు చూసినవాళ్ళు ధన్యులు. నలభై మంది కార్యకర్తలు వెనకనుంచి తోస్తుంటే బండి చడీచప్పుడు లేకుండా సాగింది. హనుమయ్య స్టీరింగ్ పట్టుకుని పర్మిట్ కోసం దేవుళ్ళందరికీ మొక్కాడు. మంత్రిగారు పరవశించిపోయారు.

"ఇలాంటి బండి విదేశాల్లో కూడా చూడలేదయ్యా! మరి వెనక ఆ పొగేంటి?"

"తోసేవాళ్ళ బీడీలండి," అన్నారు పక్కనే ఉన్న పాండురంగారావుగారు.

సభలో హనుమయ్యను వేదిక ఎక్కించి దండ వేశారు.

"నీకేం కావాలో కోరుకో!" అన్నారు మంత్రిగారు.

"పర్మిటండి."

"ఇచ్చాను!"

సభ చప్పట్లతో దద్దరిల్లింది. హనుమయ్యకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఈసారి పొగ వల్ల కాదు.

పదో రోజున పర్మిట్ పోస్టులో వచ్చింది. వెంకటరత్నమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టి, దేవుడి పటం ముందు ఉంచి, ఆ తర్వాత కూడబలుక్కుంటూ చదివింది. "వాహనము: పొగ లేని బండి. నడుచు విధానము: మనుషులు తోయుట. ఇంజను ఉపయోగించినచో పర్మిట్ రద్దగును."

హనుమయ్య తెనాలి పరిగెత్తాడు.

"ఆ నలభై మందిని ఇప్పించండి బాబూ."

"ఎలక్షన్లు రానీవయ్యా, నాలుగొందల మందిని పంపిస్తాను," అన్నారు పాండురంగారావుగారు.

మిల్లువాళ్ళు ఆగరు, పొట్ట అసలే ఆగదు. మర్నాడు భట్టిప్రోలులో రెండంటే రెండు బస్తాలు ఎక్కించుకుని హనుమయ్య స్టీరింగ్ పట్టుకున్నాడు. వెంకటరత్నమ్మ కొంగు బిగించి వెనక్కి వెళ్ళింది. ఈ వయసులో ఆమె చేత బండి తోయిస్తున్నందుకు అతనికి ఏడుపొచ్చింది.

పది గజాలు కదిలారో లేదో వెనక హారను మోగింది. మంత్రిగారి కారు వియ్యంకుడి ఊరి నుంచి తిరిగొస్తోంది. అది పికప్‌ను దాటుతూ గుప్పున నల్లటి పొగ వదిలి, కాస్త ముందుకెళ్ళి ఆగింది. ఆ పొగలో బండీ కనపడలేదు, దాన్ని తోస్తున్న మనిషీ కనపడలేదు. దగ్గు మాత్రం వినపడుతోంది.

మంత్రిగారు కారు కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశారు. ఆయన మొహం ఎర్రబడింది.

"ఏమయ్యా హనుమయ్యా, ఇంజను వేశావా?"