వైకుంఠ రథానికి కొత్త కమాన్లు

కొంగలపాలెం అంతిమయాత్రా సేవా సమితి వారు ఇటీవల ఒక చారిత్రక నిర్ణయం తీసుకున్నారు. ఊరి నుంచి శాశ్వతంగా వెళ్ళిపోయేవారు ఇకపై కుదుపు లేకుండా వెళ్ళాలి. సాయంత్రానికి తిరిగి వచ్చేవారి సంగతి సమితి పరిధిలోకి రాదు.

ఈ నిర్ణయానికి కారకులు వెంకట్రామయ్యగారు. ఆయన తెనాలి ఆసుపత్రిలో కాలం చేస్తే, సమితి కొత్తగా కొన్న పికప్ వ్యానులో, అనగా వైకుంఠ రథంలో, ఊరికి తీసుకొచ్చారు. తోలింది వీరాస్వామి. ఒకటిన్నర టన్నుల ధాన్యం మోయడానికి పుట్టిన బండి అది. ఖాళీగా ఉంటే వెనక భాగం పైకి లేచి, ముందు భాగం నేలచూపులు చూస్తుంది. యాభై కేజీల వెంకట్రామయ్యగారిని అది బరువుగా గుర్తించనే లేదు. రేపల్లె దాటాక ఊరిదాకా ఉన్న ఎనిమిది కిలోమీటర్లలో ఆయన మూడుసార్లు గాల్లోకి లేచారు. ఇల్లు చేరేసరికి తల పల్లానికి జారి క్యాబిన్‌కు ఆనుకుని ఉంది. "బతికినన్నాళ్ళూ ఒకరి ముందు తల వంచని మనిషండీ!" అని కొడుకు బావురుమన్నాడు. తోలినవాడు తనే గనక వీరాస్వామి సిగ్గుతో చితికిపోయాడు.

సమితి అధ్యక్షులు, రైసుమిల్లు యజమాని పాండురంగారావుగారు వెంటనే సభ పెట్టారు. రోడ్డు మాట ఎవరూ ఎత్తలేదు. గుంతలు అందరికీ తెలిసినవే. తెలిసిన విషయం ప్రస్తావించి పెద్దల సమయం వృథా చేయడం కొంగలపాలెం సంప్రదాయం కాదు. బండినే బాగుచేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

తెనాలి మెకానిక్కు కృష్ణకాంత్ బండి కిందికి దూరి, నూనె చేతులతో బయటికొచ్చి వీరాస్వామితో అన్నాడు.

"బాబాయ్, చక్రాల మీద బండిని మోసే ఈ కమాన్ పట్టీలు బస్తాలకి చేసినవి. మనిషంటే దీనికి లెక్కలేదు. వెనక రెండు పట్టీలు తీసేస్తా. మెత్తటి షాకబ్జర్లు వేస్తా. ముందు స్ప్రింగుల దగ్గర దిమ్మలు పెట్టి లేపుతా. బండి సమానంగా నిలబడుద్ది, తేలిక బరువుకి ఊయల్లా పోద్ది."

రెండు రోజుల్లో పని అయింది. తాపీమేస్త్రి రసమట్టం తెచ్చి బండి మీద పెడితే బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. అధ్యక్షులవారు నిండు గ్లాసు మజ్జిగ బండిలో పెట్టించి ఊరిదాకా తోలించారు. చుక్క ఒలకలేదు. వెనకాలే షేర్ ఆటోలో వచ్చిన కార్యదర్శిగారికి మాత్రం నడుం పట్టేసింది. ఆయన బతికే ఉన్నారు గనక ఎవరూ పట్టించుకోలేదు.

రథం కీర్తి పొన్నూరు, బాపట్లల దాకా పాకింది. "పోతే కొంగలపాలెంలో పోవాలి" అని పెద్దవాళ్ళు చెప్పుకోసాగారు.

ఇలా ఉండగా వీరాస్వామి తల్లి శేషమ్మ పెరట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. అంబులెన్సు వచ్చి ఎక్కించుకుంది గాని, ఊరి చివర రెండో గుంతలో ఆమె పెట్టిన కేకకు భయపడి వెనక్కి తెచ్చి దించేశారు.

"ఒరే, నీ బండిలో తీసకపోరా," అంది శేషమ్మ పళ్ళు బిగబట్టి. "అందులో ఎక్కినోళ్ళు ఒక్కరన్నా కేకేశారంట్రా?"

వీరాస్వామి అధ్యక్షులవారి ఇంటికి పరుగెత్తాడు.

"నీ బాధ నాకు అర్థమైందయ్యా," అన్నారు పాండురంగారావుగారు. "కానీ నియమావళి ప్రకారం మరణ ధ్రువీకరణ ఉండాలి. మీ అమ్మకి ఉందా?"

"లేదండి."

"మరి? కొంచెం ఓపిక పట్టలేరా?"

"నొప్పికి మంచం పట్టె కొరుకుతోందండి. అమ్మండి!" అంటూ వీరాస్వామి ఆయన కాళ్ళు పట్టుకున్నాడు.

అధ్యక్షులవారిది జాలిగుండె. అత్యవసర సమావేశం జరిపి, రథం గౌరవానికి భంగం కలగకుండా ఉంటే అనుమతిస్తామన్నారు. శేషమ్మ వెల్లకిలా పడుకోవాలి. మెడలో దండ ఉండాలి. కళ్ళు మూసుకోవాలి. మాట్లాడకూడదు.

శేషమ్మ అన్నిటికీ ఒప్పుకుంది.

అంబులెన్సు కూతకు ఏనాడూ జరగని స్కూటర్లు రథాన్ని చూసి పక్కకు తప్పుకున్నాయి. ఎదురొచ్చిన బస్సు ఆగింది. రేపల్లె సెంటర్లో జనం చెప్పులు విడిచి నమస్కారం పెట్టారు. అరటిపళ్ళావిడ దగ్గరికొచ్చి, "ఎంత చల్లటి మొహమో! మహాతల్లి!" అంది. అరవై ఎనిమిదేళ్ళలో శేషమ్మను మెచ్చుకున్న మొదటి మనిషి ఆమె.

"వీరాసామీ, ఎవర్రా ఆవిడ?" అంది శేషమ్మ కళ్ళు తెరవకుండానే.

"ఊరుకోవే అమ్మా, నువ్వు పోయావు!" అన్నాడు వీరాస్వామి. అని, తన మాటకు తనకే దుఃఖం ముంచుకొచ్చి ఏడ్చాడు. జనం అతని పితృభక్తిని, అనగా మాతృభక్తిని, మెచ్చుకున్నారు.

తెనాలి డాక్టరుగారు దండ తీయించి, ఎముక ఇంచు కూడా కదలలేదని ఆశ్చర్యపోయారు. ఆపరేషన్ అయింది. నెలన్నరకు శేషమ్మ చేతికర్రతో నడవసాగింది.

ఈ విజయానికి అధ్యక్షులవారిని సన్మానించారు. ఆ సభలోనే బడి పంతులమ్మ మాధురి లేచి నిలబడింది. ఆమెకు ఎనిమిదో నెల, నిండు కడుపు.

"ఆ గుంతలేవో పూడిస్తే ఇదంతా దేనికండీ?"

ఇంత చిన్న మాట తనకెందుకు తట్టలేదా అని వీరాస్వామి నివ్వెరపోయాడు. పాండురంగారావుగారు చిరునవ్వుతో మైకు అందుకున్నారు.

"అమ్మా, రోడ్డు పనికొచ్చేది బతికున్నన్నాళ్ళే. ఎన్నాళ్ళు బతుకుతామమ్మా?"

చప్పట్లు మారుమోగాయి. అందరూ కొడుతున్నారని వీరాస్వామి కూడా కొట్టాడు.

మాధురి వీరాస్వామి దగ్గరికొచ్చి రథం దరఖాస్తు అడిగింది. ‘మృతుల పేరు’ అన్న గడిలో తన పేరు రాసి, తేదీ దగ్గర కాన్పుకు డాక్టరు చెప్పిన వచ్చే నెల పదకొండు వేసింది.

చేతిరాత ముత్యాల్లా ఉందని సభికులందరూ మెచ్చుకున్నారు.