బస్కీల మొక్కు

ఆ సోమవారం ఉదయం ఐదు గంటలకు లక్ష్మీకాంత్ వేసుకున్న పథకంలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. వంద దండీలు, వంద బస్కీలు, వందసార్లు వెల్లకిలా పడుకుని లేవడం, ఆపైన ఐదు కిలోమీటర్ల పరుగు. ఇట్లా నలభై రోజులు. అంతా అయ్యాక రెండు పాల ప్యాకెట్లు పట్టుకుని ఆరున్నరకల్లా ఇల్లు చేరితే, భార్య కనకలక్ష్మి ఆయన పాలకు వెళ్ళొచ్చాడనే అనుకుంటుంది. నలభై ఏడేళ్ళ వయసులో, తొంభై రెండు కిలోల బరువుతో, ఒక బీమా ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేసే మనిషికి ఇంతకంటే పకడ్బందీ ఆలోచన రావడం కష్టం.

ఇంట్లో చెప్పకపోవడానికి కారణం ఉంది. లోగడ ఈత నేర్చుకుంటానని పటమటంతా చాటి మూడు రోజులు వెళ్ళాడు. యోగా అన్నాడు, ఐదు రోజులు. ఆరోగ్యం కోసం కొన్న సైకిలు బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి భేషుగ్గా పనికొస్తోంది. అందుకని కనకలక్ష్మి ఆయనకు 'ఆరంభశూరుడు' అన్న బిరుదిచ్చి, చుట్టపక్కాల ముందు కూడా వాడుతోంది. ఈసారి చెప్పి చేయడం కాదు, చేసి చెప్పాలని లక్ష్మీకాంత్ ఒట్టు పెట్టుకున్నాడు.

అసలు మంట వేరే ఉంది. కిందటి నెల చల్లపల్లిలో బంధువుల పెళ్ళికి నేల బంతి వేశారు. అరిటాకు ముందు బాసింపట్టు వేసుకుని అందరికంటే ముందు కూర్చున్న లక్ష్మీకాంత్, భోజనమయ్యాక అందరూ చేతులు కడుక్కుని కిళ్ళీలు వేసుకుంటున్నా అక్కడే ఉన్నాడు. లేవడానికి ముందుకు ఒరిగాడు, పక్కకు దొర్లాడు, ఆకులు ఎత్తేవాడు ఆయన్ని కూడా ఎత్తాలేమోనని అనుమానంగా చూశాడు. చివరికి ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లేపారు. ఆ తతంగమంతా బావమరిది వెంకటకృష్ణారావు ఫోనులో పట్టి, నలభై ముగ్గురున్న కుటుంబం గ్రూపులో పెట్టాడు. వెంకటకృష్ణారావు చల్లపల్లిలో డ్రిల్లు మాస్టారు. ఈల ఊదితే వందమంది పిల్లలు లేచి నిలబడతారన్న ధీమా ఆయనది.

"బావగారూ, వచ్చే నెల మా ఇంటి గృహప్రవేశం. మీకోసం మళ్ళీ నేల బంతే వేయిస్తా. చెయ్యి నేలకి ఆనించకుండా లేవండి, ఆ వీడియో అందరి ముందూ తీసేస్తా. లేకపోతే ఏటా ఆ రోజున మళ్ళీ పెడతా" అన్నాడు, మొన్న ఫోను చేసి.

ఆ మాట లక్ష్మీకాంత్‌కు ముల్లులా గుచ్చుకుంది. గృహప్రవేశానికి సరిగ్గా నలభై రోజులుంది.

ఇక చోటు. అపార్టుమెంటు డాబా మీద గెంతితే కింది ఫ్లాటు జాన్సన్ గారింట్లో ఫ్యాను ఊగుతుంది. కాలవ గట్టున పరిగెడదామంటే కుక్కలు ఆయనకంటే బాగా పరిగెడతాయి. కాలనీ మధ్యలో చిన్న వినాయకుడి గుడి ఉంది. చుట్టూ నున్నటి సిమెంటు నేల, రాత్రంతా వెలిగే ట్యూబులైటు. ఇంతకంటే మంచి వ్యాయామశాల ఎక్కడ దొరుకుతుందనుకుని, లక్ష్మీకాంత్ గుడి ఎదుట నిలబడి మొదలుపెట్టాడు.

కొత్త బూట్లు మడమ కొరికేశాయి, వాటిని విప్పి మెట్టు కింద పెట్టాడు. బస్కీలు తీసేటప్పుడు చేతులు చెవుల దగ్గర ఉంచమని ఫోనులో గురువు చెప్పాడు, ఉంచాడు. దండీలు ఆరు దాటగానే చేతులు చాపి బోర్లా పడిపోయి, కాసేపు నుదురు నేలకానించి, మళ్ళీ లేచాడు. గుడి చుట్టూ పరుగు మొదలెట్టేసరికి, బెజవాడ గాలి సంగతి తెలిసిందే, నెత్తిన బిందె నీళ్ళు గుమ్మరించుకున్నట్టు చొక్కా పంచె ఏకమయ్యాయి. పంచె ఎందుకంటే, ఆయన నడుముకి సరిపోయే నిక్కరు ఇంట్లో లేదు.

పువ్వులు పెట్టడానికి వచ్చిన సుబ్బరత్నం గారు మెట్టు దగ్గరే ఆగిపోయింది. డెబ్బై ఏళ్ళావిడ, కాలనీలో ఏ నోముకైనా పెద్దదిక్కు, నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పుల్లేకుండా, తడిబట్టలతో, గుంజీళ్ళు, సాష్టాంగాలు, ప్రదక్షిణలు! పైగా పెదవులు కదులుతున్నాయి.

"ఏం మొక్కు నాయనా?" అంది మెల్లగా.

పరుగు మధ్యలో ఆపి మళ్ళీ బస్కీలకు దిగిన లక్ష్మీకాంత్ అప్పుడు ముప్పై ఏడో దాంట్లో ఉన్నాడు. నోరు తెరిస్తే లెక్క తప్పుతుంది. అరచెయ్యి చూపించి ఆగమన్నాడు.

"మౌనం కూడానా!" అని ఆవిడ చెంపలు వేసుకుంది.

మర్నాడు ఆయనే పనిగట్టుకుని చెప్పాడు. "మొక్కేం కాదండీ సుబ్బరత్నంగారూ. ఊరికే ఎక్సర్‌సైజు."

"నాకు తెలుసు నాయనా. మొక్కు బయటికి చెబితే ఫలించదు. నేనేం అడగను. నువ్వేం చెప్పకు."

"కాదండీ, నిజంగానే..."

"అదిగో, చెప్పొద్దన్నానా! ఎన్నాళ్ళు?"

"నలభై రోజులండీ."

"మండలం!" అని ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుంది. తడిబట్టలతో మండలం రోజులు ప్రదక్షిణ చేస్తున్నాడంటే, అది మామూలు కష్టం కాదని ఆవిడకు తేలిపోయింది. ఉద్యోగంలో ప్రమోషన్ కోసం ఎవరూ ఇంత తెగించరు. ఇది ప్రాణం మీదికి వచ్చిన వ్యవహారమే.

మూడో రోజు నుంచి ఆయన పరిగెత్తే దారిలో ముగ్గులు పడ్డాయి. నాలుగో రోజు నుంచి ప్రసాదం మొదలైంది. వరసలు వేసుకుని ఇంటికొకరు చొప్పున పులిహోర, చక్కెర పొంగలి, ఉండ్రాళ్ళు తెచ్చారు. దీక్షలో ఉన్నవాడికి అందరికంటే రెండింతలు పెట్టాలని సుబ్బరత్నం గారి ఉత్తర్వు. తీపి మానేశానని ఆయన గొణిగితే, "ప్రసాదాన్ని కాదంటే కళ్ళు పోతాయి నాయనా" అంది. కళ్ళు పోగొట్టుకోవడానికి ఆయన సిద్ధంగా లేడు. పైగా వంద బస్కీల తర్వాత ఆకలి మామూలుగా వెయ్యదు. పన్నెండో రోజుకి వంద దండీలూ ఆగకుండా తీయగలిగాడు. అదే రోజు మందుల షాపు ముందు మిషనెక్కితే తొంభై మూడున్నర చూపించింది.

అయినా లక్ష్మీకాంత్ అధైర్యపడలేదు. లేవడానికి కావలసింది తొడల్లో బలం గాని తూకం కాదని తేల్చుకున్నాడు. ఆ మాట నిజం కూడాను.

పదిహేనో రోజున లిఫ్టు దగ్గర జాన్సన్ గారు ఆయన చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "కాంత్ గారూ, నిన్న మా ప్రార్థన కూటంలో మీ పేరు చెప్పి ప్రార్థించామండీ. మా ఆవిడ శాలిని అయితే ఉపవాసం కూడా ఉంది."

"నాకేమైందండీ?"

జాన్సన్ గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "అదీ! ఆ ధైర్యమే ఉంచుకోండి" అని లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగా వెళ్ళిపోయాడు. ఏసు ప్రభువు దగ్గరా, వినాయకుడి దగ్గరా తన ఫైలు ఏకకాలంలో నడుస్తోందని లక్ష్మీకాంత్‌కు అప్పటికీ తట్టలేదు. మంచి మనుషులు, అనుకున్నాడు.

కనకలక్ష్మికి మాత్రం ఆ సాయంత్రమే తట్టింది. సుబ్బరత్నం గారు డజను బత్తాయిలతో వచ్చి పక్కన కూర్చుంది. "ధైర్యంగా ఉండమ్మా. ఆయన అంత కఠినంగా చేస్తుంటే స్వామి కరగడా?"

"ఎవరండీ? ఏం చేస్తున్నారు?"

"నీకూ చెప్పలేదూ! పిచ్చి మనిషి, లోపలే దాచుకుంటున్నాడు."

ఆవిడ వెళ్ళాక కనకలక్ష్మి ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. పది రోజులుగా మంచం మీద వాలేటప్పుడు మూలుగుతున్నాడు. అటక మీది డబ్బా అందుకోమంటే చెయ్యి ఎత్తలేకపోయాడు. అన్నం తగ్గించి వడ్డించమంటున్నాడు. పాలకని వెళ్ళి గంటన్నర రావడం లేదు. మర్నాడు చీకటితోనే ఆయన వెనకాలే వెళ్ళి గుడి గోడ చాటున నిలబడింది. చెమటతో తడిసి ముద్దయిన మొగుడు, "అమ్మా, అమ్మా" అంటూ పడుతూ లేస్తూ కనిపించాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన ఏ పనీ ఐదో రోజు దాటించగా ఆవిడ చూడలేదు. దాటించాడంటే చావుబతుకుల సమస్యే అయి ఉండాలి. ఆవిడకు గుండె చెరువైపోయింది. స్వామి వైపు తిరిగి ఏదో గొణుక్కుని, చెంపలు వేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి వచ్చేసింది.

అడిగితే మనిషి కుంగిపోతాడని అడగలేదు. ఆ రోజు నుంచి ఆరంభశూరుడన్న మాట ఇంట్లో వినపడలేదు. గారెలు, ముక్కల పులుసు, కంచంలో నెయ్యి దండిగా వచ్చాయి. తన పట్టుదల సంగతి చెప్పకుండానే భార్యకు గౌరవం పెరిగిందని లక్ష్మీకాంత్ మురిసిపోయి, రెండో గారె వేయించుకున్నాడు. ఆవిడ తమ్ముడికి ఫోను చేసి ఏడ్చిన సంగతి ఆయనకు తెలియదు.

నలభయ్యో రోజు తెల్లవారింది. లక్ష్మీకాంత్ గుడి దగ్గర ఆఖరి వంద పూర్తిచేసి, ఇస్త్రీ పంచె కట్టుకుని, యుద్ధానికి వెళ్ళేవాడిలా కారెక్కాడు. వెనక సీట్లో సుబ్బరత్నం గారు కూడా ఉంది. తోడుంటే ధైర్యమని కనకలక్ష్మి పిలిచింది. ఉయ్యూరు దాటేదాకా ఇద్దరూ స్తోత్రాలు చదువుతుంటే, గృహప్రవేశం కదా అనుకున్నాడు.

చల్లపల్లిలో కారు ఆగగానే నలుగురు పరిగెత్తుకొచ్చి ఆయన్ని పట్టుకుని దింపారు. "మెల్లగా, మెల్లగా" అని ఎవరో అన్నారు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు చేతికి ఇవ్వలేదు, వాళ్ళే పోశారు. హాల్లో బారుగా అరిటాకులు వేసి ఉన్నాయి. గోడవారగా మాత్రం ఒక కుర్చీ, బల్ల, కుర్చీలో రెండు దిళ్ళు.

"మీరు ఇక్కడ కూర్చోండి బావగారూ" అన్నాడు వెంకటకృష్ణారావు. "ఆ వీడియో ఎప్పుడో తీసేశాను. నన్ను క్షమించండి. తెలియక వేళాకోళం చేశాను."

లక్ష్మీకాంత్ నిర్ఘాంతపోయాడు. నలభై రోజులు! నాలుగు వేల బస్కీలు దాదాపు! ఇవన్నీ ఈ దిళ్ళ కుర్చీలో కూర్చోవడానికా? ఆయనకు జీవితంలో అంత దుఃఖం ఎప్పుడూ కలగలేదు. ఆ దుఃఖం కాస్తా కోపమైంది.

"నేను నేలమీదే కూర్చుంటా."

"వద్దండీ, నా మాట వినండి" అంది కనకలక్ష్మి.

"నాయనా, పట్టింపు వద్దు" అంది సుబ్బరత్నం గారు.

"కూర్చుంటానని చెప్పానా!" అని ఆయన చెయ్యి ఆనకుండా జర్రున దిగి, ఆకు ముందు బాసింపట్టు వేశాడు. జనం గుడ్లప్పగించి చూశారు. ఆయన పప్పు, గుమ్మడికాయ పులుసు, బూరెలు, పెరుగు తీరిగ్గా తిన్నాడు. పక్కన వెంకటకృష్ణారావు మెతుకు మింగుడుపడక కూర్చున్నాడు. లక్ష్మీకాంత్ ఆకు మడిచేసరికి ఆరుగురు చేతులు చాచి ముందుకొచ్చారు.

"ఎవరైనా తాకారా, ఊరుకోను!"

అందరూ ఆగిపోయారు. ఆయన కాళ్ళు ముడుచుకుని, రెండు చేతులూ చెవుల దగ్గర పెట్టుకుని, ఒక్క ఊపులో నిలువునా లేచి నిలబడ్డాడు. మోకాలు కిర్రుమనలేదు. లక్ష్మీకాంత్ ఛాతీ పొంగింది. పొంగడానికి అర్హత ఉన్న ఛాతీ అది.

"తీశావా వీడియో?"

"లేదు బావగారూ, ఏడుస్తున్నాను" అన్నాడు వెంకటకృష్ణారావు.

"అయితే ఫోను తియ్యి" అని ఆయన మళ్ళీ కూర్చుని లేచాడు. ఇంకో కోణం బాగుంటుందంటే మూడోసారి కూడా లేచాడు. కళ్ళు తుడుచుకుని, ఆనందంతో బావగారిని కౌగిలించుకుందామని వెంకటకృష్ణారావు లేవబోయాడు. లేవలేకపోయాడు. ఇరవై ఏళ్ళుగా పిల్లల్ని లేపడమే తప్ప తాను వంగి లేచిన పాపాన పోలేదాయన. ముందుకు ఒరిగాడు, పక్కకు దొర్లాడు. లక్ష్మీకాంత్ వంగి, ఒంటిచేత్తో రెక్క పట్టుకుని బావమరిదిని లేపి నిలబెట్టాడు. గ్రూపులోకి ఆ వీడియో ఎవరు ఎక్కించారో ఇప్పటికీ తేలలేదు.

ఆ దిళ్ళూ, ఆ ఏడుపులూ ఎందుకో అప్పటికి తట్టి, లక్ష్మీకాంత్ గొంతు సవరించుకుని అసలు సంగతి బయటపెట్టాడు. "నాకు జబ్బూ లేదు, గిబ్బూ లేదు. నలభై రోజులు ఒక్కరోజు తప్పకుండా కసరత్తు చేశాను. ఆరంభశూరుణ్ణి కాదు. అంతే!"

కనకలక్ష్మి ఆయన మొహంలోకి చూసి భోరుమంది. "నిజంగా ఏం లేదా అండీ?"

"లేదే పిచ్చిదానా!" అన్నాడు. ఆయనకు కూడా కళ్ళు చెమర్చాయి. తనకోసం ఈ మనిషి పాతిక రోజులు లోపల లోపలే ఏడ్చిందని అప్పుడు అర్థమైంది.

"చూశారా!" అని సుబ్బరత్నం గారు చేతులు జోడించింది. "స్వామి ఆనవాలు కూడా మిగల్చకుండా తీసేశాడు!"

"అసలు రోగమే లేదంటుంటే, తీసెయ్యడమేంటండీ?"

"లేదని నువ్వంటావు. లేకుండా పోయిందని మేమంటాం. ఏ మాటైనా ఒకటేగా నాయనా."

కనకలక్ష్మి ముక్కు తుడుచుకుని భర్త దగ్గరికి జరిగింది. "ఏవండీ, మీకొక మాట చెప్పాలి. ఆ రోజు గుడి వెనకాల నిలబడి మొక్కుకున్నాను. మీరు గండం గడిచి నిలబడితే, మీ చేత రోజూ నూట ఎనిమిది గుంజీళ్ళు తీయిస్తానని."

"ఎన్నాళ్ళు?" అన్నాడు లక్ష్మీకాంత్.

"ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ."

ఓపిక లేదనడానికి వీల్లేకుండా ముగ్గురి ఫోనుల్లో వీడియో ఉంది. మర్నాడు ఐదింటికి తొంభై ఐదు కిలోల లక్ష్మీకాంత్ గుడి ముందు చెవులు పట్టుకుంటే, చక్కెర పొంగలి గిన్నె పక్కన పెట్టుకుని సుబ్బరత్నం గారు ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.