రాజుగారి సైకిల్‌కి చెమట పట్టింది

“వేడి అనేది థర్మామీటర్‌లో ఉంటుంది గాని, సైకిల్ తొక్కేవాడి ఒంట్లో ఉండదు!” అని బడి కమిటీ చైర్మన్ కాశీవిశ్వనాథరాజు గారు మైకులో సెలవిచ్చారు. “అనంతపురంలో నలభై రెండు డిగ్రీలు. మన మొగల్తూరు పక్క ముప్ఫయ్యారే. ఆరు డిగ్రీలు మనకి లాభమండి. ఇంకా మధ్యాహ్నం వ్యానెందుకు?”

ఒంటిపూట బడి వదిలే వేళకి వ్యాను నడపమని ఆడపిల్లలు అడిగారు. అందరి వెనక నిలబడింది పదో తరగతి ప్రణతి. అనంతపురంలో చొక్కా ఒంటి మీదే ఆరిపోతుందని ఆ పిల్ల మేనమామ చెబుతుంటాడు. ఇక్కడ రొయ్యల చెరువుల మధ్య రోడ్డు మీద చెమట పట్టడమే గాని ఆరడం లేదు. కిందటి వారం ప్రణతి కళ్ళు తిరిగి సైకిల్‌తో సహా గట్టు మీద పడింది. వ్యాను లేకపోతే బడి మాన్పిస్తానని తల్లి రామలక్ష్మి తేల్చి చెప్పేసింది.

“రేపు మిట్టమధ్యాహ్నం మా ఊరి నుంచి నేనే తొక్కుకుంటూ వస్తాను,” అన్నారు రాజుగారు. “ఒక్క చెమటబొట్టు కనబడితే వ్యాను వేయిస్తాను.”

మర్నాడు బడి ముందు షామియానా కింద ఊరికే కూర్చున్నవాళ్ళంతా కారిపోతున్నారు. హెడ్మాస్టరు జగన్నాథరావు గారు జేబురుమాలు పిండి మళ్ళీ తుడుచుకుంటున్నారు. అంతలో మలుపు తిరిగి రాజుగారు మడతపెట్టే సైకిల్ మీద ప్రత్యక్షమయ్యారు. ఇస్త్రీ మడత నలగలేదు. నుదురు పొడిగా ఉంది. కళ్ళజోడు మాత్రం తెల్లగా మసకేసి, గేటు స్తంభం వెంట్రుకవాసిలో తప్పింది.

భార్య రత్నమాణిక్యం గారు హారతిచ్చి, ఆనవాయితీ ప్రకారం తువ్వాలుతో ఆయన మొహం అద్దారు. తువ్వాలు తడవలేదు. హ్యాండిల్ మీద వేసిన ఆవిడ చెయ్యి తడిసింది.

“ఏవండీ, మీకు పట్టని చెమట సైకిల్‌కి పట్టిందేంటండి?”

నిజమే. గొట్టాల నిండా నీటిబొట్లు. బొటబొటా కారుతున్నాయి. ప్రణతి వేలితో తాకింది. ఇంతమందిలో నోరు విప్పడం ఆ పిల్లకిదే మొదలు.

“చల్లగా ఉందండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా.”

మలుపు అవతల ఏసీ ఆన్‌లో ఉంచిన రాజుగారి కారు ఇంజిను చప్పుడు వినబడుతోంది.

రాజుగారు తాపీగా కళ్ళజోడు తుడుచుకుని మైకు అందుకున్నారు. “చూశారాండి? ఇనుముకే ఇంత చెమట పడితే ఇదేం ఎండండి! మాటంటే మాటే. ఈ ఎండలో ఇకమీదట ఒక్క సైకిల్ కూడా కష్టపడ్డానికి వీల్లేదు.”

చప్పట్లు మోగాయి. హెడ్మాస్టరు గారు ఆ మాటలనే అక్షరం పొల్లుపోకుండా తీర్మానం రాశారు.

మర్నాడు మధ్యాహ్నం వ్యాను వచ్చింది. తీర్మానం ప్రకారం ముందు సైకిళ్ళు ఎక్కించారు. సందుల్లో పిల్లలు ఇరుక్కున్నారు.

“సీటు దొరికిందా అమ్మా?” అని ఆత్రంగా ఎదురొచ్చింది రామలక్ష్మి.

“సైకిల్‌కి దొరికిందమ్మా,” అంది ప్రణతి.