జిల్లాకొక యంత్రం

కోత లేకుండా, వట్టి శబ్దంతోనే కడుపులోని గడ్డను మాడ్చేసే యంత్రాన్ని తిరుపతి ప్రజలకు అంకితం చేస్తున్నట్లు ఆరోగ్య శాఖామాత్యులు సుందరరాజు గారు ప్రకటించిన నాటికి, ఆ శబ్దం పుట్టించే భాగం ఇంకా సముద్రం మీద ఓడలో ఉంది. మంత్రిగారి దూరదృష్టి అలాంటిది. వస్తువు రేవు చేరకముందే అది చేసిన మేలు ఆయనకు కనిపిస్తుంది.

ఈ సంగతి ఆయన చెవిన వేసిన పాపం డాక్టర్ హంసినిది. అలిపిరి దగ్గర కొత్తగా కట్టిన 'ఆరోగ్య సోపానం' ఆసుపత్రిలో ఆవిడ స్కానింగ్ డాక్టరు. ఈ వైద్యం నేర్చుకోవడానికే ఢిల్లీలో ఏడాది ఉండి వచ్చింది. వార్డులో వడమాలపేట గంగులమ్మ గర్భసంచిలో గడ్డతో, నెలనెలా రక్తం పోయి పాలిపోయి, ఆ యంత్రం కోసమే కాచుకుని ఉంది. కత్తి మాట ఎత్తితే ఆమెకు వణుకు.

"ట్రాన్స్‌డ్యూసర్ రాలేదు సార్," అంది హంసిని.

"అదేందమ్మా?"

"యంత్రం తలకాయ సార్. గిన్నె ఆకారంలో ఉంటుంది. అందులో వందల ముక్కలు తలా ఒక చిన్న శబ్దం పంపిస్తాయి. విడివిడిగా అవి ఏమీ చెయ్యవు. అన్నీ ఒక్కచోట కలిస్తేనే వేడి పుట్టి గడ్డ మాడుతుంది. ఎక్కడ కలవాలో తెరమీద స్కాన్ చూస్తూ మనం చెబుతాం."

మంత్రిగారు గంభీరంగా ఆలోచించారు. "మా పార్టీలో కూడా వందలమంది అరస్తారు. ఒక్కసోట కలిసింది నేనింతవరకూ సూళ్లేదు," అన్నారు. తర్వాత పీఏ వైపు తిరిగారు. "గిన్నె అంట కదా చెంగల్రాయుడూ. సూడప్పా."

చెంగల్రాయుడు సూక్ష్మగ్రాహి. క్యాంటీన్లో పులిహోర కలిపే స్టీలు బేసిన్ తెచ్చి, తోమించి, యంత్రం చేతికి బోర్లా బిగించి, నాలుగు వైర్లు చుట్టి, బంతిపూల దండ వేశాడు. మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి, స్వయంగా బల్ల మీద పడుకున్నారు. కెమెరాలు మెరిశాయి.

"శబ్దం రాలేదే సార్?" అన్నాడు ఒక విలేకరి.

"ఇది చెవికి ఇనపడని శబ్దమప్పా. మా ప్రభుత్వం కూడా అంతే. చప్పుడు లేకుండా పని చేస్తాది."

లేస్తూ ఆయన నడుం నొప్పి పోయిందన్నారు. దాంతో కార్యకర్తలు వరుస కట్టారు. ఒకాయనకు మోకాళ్లు కుదురుకున్నాయి. ఇంకొకాయన తన గ్యాస్ సమస్య అక్కడికక్కడే తీరిపోయిందని, అందరికీ తెలిసేలా నిరూపించాడు. హంసిని కెమెరాలకు దొరకకుండా కిటికీ దగ్గరికి జరిగింది. ఈ ఫొటో ఢిల్లీలో తన గురువుగారు చూడకుండా ఉంటే బాగుండునని మాత్రం అనుకుంది.

కొన్నాళ్లకు అసలు ట్రాన్స్‌డ్యూసర్ పెట్టెలో దిగింది. హంసిని పరుగున సూపరింటెండెంట్ వరదయ్య గదికి వెళ్లింది. ఆయన పెట్టె విప్పనివ్వలేదు.

"పని చేస్తా ఉండే మిషన్‌కు ఇంకో తలకాయ ఎందుకని ఆడిట్లో అడిగితే ఏం జెప్పాల తల్లీ?"

"ఉన్నది బేసిన్ కదా సార్."

"బేసిన్‌ను మంత్రిగారు ప్రారంభించినారని నేను రాయాల్నా?"

సమస్య మంత్రిగారి దాకా వెళ్లింది. ఆయన క్షణంలో తేల్చారు. పాత చిత్తూరు జిల్లా ఇప్పుడు రెండైంది కాబట్టి, ఆ పెట్టెను చిత్తూరు జిల్లా వాటాగా కార్వేటినగరంలో ఇంకా రంగు ఆరని కొత్త ఆసుపత్రికి పంపించారు. అక్కడ బల్ల లేదు, తెర లేదు. తలకాయను పట్టుపరుపు మీద పెట్టి ప్రారంభించారు. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి ఉచిత బస్సు కూడా వేశారు.

హంసిని ఆ ప్రారంభోత్సవ సభకే వెళ్లి, వేదిక దిగుతున్న మంత్రిగారిని ఆపింది.

"సార్, తలకాయ ఇక్కడ, మొండెం అక్కడ. రెండూ కలిపితే రేపే వైద్యం మొదలుపెట్టచ్చు. ఒకామె ప్రాణం మీదికొచ్చింది సార్."

మంత్రిగారు ఆవిడను జాలిగా చూశారు.

"రెండూ కలిపితే ఒకటే అయితాది కదమ్మా. సదువుకున్నదానివి, ఒక జిల్లాకు అన్యాయం చెయ్యమంటావా?"

హంసిని ఆ ఉచిత బస్సులోనే తిరుపతికి తిరిగొచ్చింది. నేరుగా వార్డుకు వెళ్లి, గంగులమ్మ మంచం మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. రక్తం ఇంకా తగ్గితే ఆపరేషన్‌కు కూడా వీలుకాదని దాచకుండా చెప్పింది.

"నువ్వు పక్కనే ఉంటావా డాక్టరమ్మా?"

"నీ తల దగ్గరే ఉంటాను."

గంగులమ్మ కళ్లు మూసుకుని తలూపింది. హంసిని అన్నట్టే ఆమె తల దగ్గర నిలబడింది. సర్జన్ పాత పద్ధతిలో పొట్ట కోసి, గడ్డ తీసి, కుట్టేశాడు. గంగులమ్మ బతికింది.

ఆ వారంలోనే మంత్రిగారు యాపిల్ పండ్లతో, టీవీ వాళ్లతో వార్డుకు వచ్చారు. గడ్డ పోయిన మొదటి మనిషి ఆమేనని చెంగల్రాయుడు పసిగట్టాడు. మంత్రిగారు శాలువా కప్పి, ఆమె పక్కన నిలబడి, ఈ మహాతల్లి ఒంటి మీద గోరు గాటు కూడా పడలేదని రాష్ట్రానికి తెలియజేశారు. మైకు ఆమె ముందుకు వచ్చింది.

గంగులమ్మ రెండు చేతులతో పొట్ట అదిమి పట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి.

"నవ్వించొద్దు సారూ," అంది. "కుట్లు పీకతా ఉండాయి."