లక్షా ఇరవై ఆరు వేల కోట్ల స్పీడు

రేగులపేటకు వచ్చిన ఇంటర్నెట్ వేగం అక్షరాలా లక్షా ఇరవై ఆరు వేల నూట నలభై నాలుగు కోట్లని ఎమ్మెల్యే రాజం గారు ప్రకటించారు. ఫ్లెక్సీ మీద ఆ అంకె పట్టడానికి తన ఫొటోను జానెడు తగ్గించుకున్నారంటే ఆయన త్యాగబుద్ధి ఎంతటిదో పాఠకులే గ్రహించాలి.

ఆ అంకె పుట్టింది పంచాయతీ ఆఫీసులో, కంప్యూటర్ ఆపరేటర్ సాదిక్ చేతుల మీదుగా. చెన్నూరు నుంచి రోడ్డు పొడవునా తవ్వి వేసిన కేబుల్‌ను ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు అతనే పరీక్షించాడు.

"ఎంతొస్తుంది?" అన్నారు రాజం గారు.

"సెకనుకు ఎనిమిది కిలోబిట్లు సార్."

"ఎనిమిదా? మైకుల ఎనిమిదని చెప్తే జనం నవ్వరా?"

"కిలో అంటే వెయ్యి సార్. బిట్లల్ల చెప్తే ఎనిమిది వేలు."

ఎమ్మెల్యే గారి ముఖం కొంచెం తేటపడింది. పక్కనే ఉన్న పీఏ అంబదాస్ మేధావి. "సెకను లెక్క మనకెందుకు భై? ఏ సర్కారన్న సెకనుల పని చేసిందా?" అన్నాడు.

సాదిక్ నిమిషానికి మార్చాడు. నాలుగు లక్షల ఎనభై వేలు. గంటకు మార్చాడు. రెండు కోట్ల ఎనభై ఎనిమిది లక్షలు. కోట్లు అనే మాట చెవిన పడగానే రాజం గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. రోజుకైతే అరవై తొమ్మిది కోట్ల పన్నెండు లక్షలు.

"ప్రజలు మనకు దినానికి ఓటెయ్యలే సాదిక్, ఐదేండ్లకు ఏసిన్రు. స్పీడు గుడ ఐదేండ్లకే చెప్పాలె" అన్నారు రాజం గారు.

"నడుమ లీపు సంవత్సరమొస్తే ఇంకో అరవై తొమ్మిది కోట్లు ఎక్కుతయి సార్."

"గది ఎలక్షన్ల ముంగట చెప్దాం. దాచిపెట్టు."

కేబుల్లోంచి వచ్చేది మాత్రం ఇంకా ఆ ఎనిమిదే. ఆ మాట సాదిక్ నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అతని కాంట్రాక్టు నెలాఖరుకు ముగుస్తుంది, రెన్యువల్ కాగితం అంబదాస్ బ్యాగులో ఉంది. మాట మింగేశాడు.

ఫ్లెక్సీ కట్టిన సాయంత్రం దాన్ని అందరికంటే శ్రద్ధగా చదివింది ఆనందమ్మ. పత్తి చేనులో కూలికి పోయే మనిషి. ఆమె బిడ్డ ఆరాధనకు నర్సింగ్ సీటు కోసం సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయాలి. శుక్రవారం సాయంత్రం ఐదు దాకే గడువు. ఆ ఊళ్లో ఫోన్‌లో మాట వినపడుతుంది గాని నెట్ రాదు. శుక్రవారం పొద్దుటి బస్సుకే చెన్నూరు పోదామని పిల్ల ఫైలు సర్దుకుంటుంటే తల్లి ఆపింది.

"గన్ని కోట్లొచ్చినంక చెన్నూరెందుకు బిడ్డా? మన సాదిక్ లేడా?"

మన సాదిక్ కూడా "అయితది లే చెల్లె" అన్నాడు. ఏమంటాడు? కోట్లు లెక్కగట్టింది అతనే.

శుక్రవారం పదకొండు గంటలకు రాజం గారు బటన్ నొక్కారు. బాజాలు మోగాయి. ఆఫీసులో ఆరాధన ఫైలు కదలడం మొదలుపెట్టింది. రెండు మెగాబైట్లు, అంటే పదహారు వేల కిలోబిట్లు. సెకనుకు ఎనిమిది చొప్పున ముప్పై మూడు నిమిషాల పని. సైటేమో పది నిమిషాలు కాగానే బయటికి గెంటుతుంది. మూడుసార్లు గెంటింది. ఆరాధన లేచి నేరుగా స్టేజీ దగ్గరికి పోయింది. వెనకాలే సాదిక్ వచ్చాడు.

"సార్, ముప్పై మూడు నిమిషాలు పడుతుందట. సైటు ఆగుతలేదు."

రాజం గారు మైకు వదల్లేదు. "సాదిక్, ఐదేండ్లల్ల ముప్పై మూడు నిమిషాలెంత?"

"సున్నా పాయింట్ సున్నా సున్నా ఒకటి శాతం సార్."

"విన్నరా? వందకు ఒక్కటి గుడ లేదు!"

జనం చప్పట్లు కొట్టారు. ఆనందమ్మ కూడా కొట్టింది, బిడ్డ పని అయిపోయిందనుకొని.

ఆరాధన రెండున్నర బస్సెక్కింది. చెన్నూరుకు గంటంబావు ప్రయాణం. ఇంకా టైముంది.

అదే సమయానికి అంబదాస్ ఆఫీసుకు వచ్చాడు. ప్రారంభోత్సవం వీడియో ఆరింటిలోపు హైదరాబాద్ పార్టీ ఆఫీసుకు చేరాలి. యాభై మెగాబైట్లు.

"ఎంతసేపయితది?"

"పద్నాలుగు గంటలు సార్."

ఐదేళ్లలో అది ఎంత శాతమని అంబదాస్ అడగలేదు. "బస్సు ఆపు" అన్నాడు.

బస్సు ఆగింది. అంతలో వీడియోలో రాజం గారి వేలు సరిగ్గా పడలేదని తేలింది. బటన్ మళ్లీ నొక్కించారు. బాజాల వాళ్లను మళ్లీ పిలిపించారు. నాలుగింటికి సాదిక్ వీడియో ఎక్కించిన పెన్‌డ్రైవ్ పట్టుకొని బస్సు కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

"చెల్లె, చెన్నూరు బస్టాండ్ల మనోడు ఉంటడు, ఆయనకియ్యి."

ఆరాధన పెన్‌డ్రైవ్ తీసుకుంది. అతని ముఖం వైపు చూడలేదు. సాదిక్‌కు సిగ్గేసింది, నిజంగానే.

ఐదూ ఇరవైకి ఫోనొచ్చింది. అంబదాస్ అక్కడే ఉన్నాడు గనుక స్పీకర్ పెట్టాల్సి వచ్చింది.

"సాదిక్ భాయ్, నేను దిగేటాలకే ఐదు దాటింది. సైటు బందయింది. మళ్ల వచ్చే ఏడాదేనంట. సార్ వీడియో పోయింది. ఈడ నాలుగు సెకన్లు పట్టింది."

"నాలుగు సెకన్లా!" అంబదాస్ ఎగిరి గంతేశాడు. "వీడియో మన ఊరిదే గద? లెక్క మార్చు సాదిక్, ఫ్లెక్సీ కొత్తది కొట్టిద్దాం."

"పిల్లకు ఏడాది పోయింది సార్."

అంబదాస్ బ్యాగులోంచి రెన్యువల్ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఐదేండ్లల్ల ఒక్క ఏడాదే గద భై."

సాదిక్ క్యాలిక్యులేటర్ దగ్గరికి జరుపుకున్నాడు. యాభై మెగాబైట్లంటే నలభై కోట్ల బిట్లు. నాలుగుతో భాగించాడు. ఈసారి సెకనులోనే పది కోట్లు వచ్చాయి. అయినా ఐదేళ్లకు గుణించాడు. అంకె తెర మీద పట్టలేదు.

ఆరాధన ఇంకా లైన్లోనే ఉంది.

"భాయ్, వాపస్ బస్సు ఎన్నింటికుంది?"