బొంతమ్మ కట్టిన ఫీజు

ఒక పెద్ద అడవిలో ప్రతి వేసవికీ ఒకటే గండం. వాగు ఎండిపోతుంది. నీళ్ళు కావాలంటే గద్దగుట్ట ఎక్కి అవతలి మడుగుకు దిగాలి. ఆ అడవిలో పుట్టిన జంతువులన్నీ తాతల కాలం నుంచీ ఎక్కుతూనే ఉన్నాయి. ఎలా ఎక్కాలో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. దాహం వేసింది, ఎక్కాయి. అంతే.

గుట్ట నడుమ నున్నటి బండ ఒకటుంది. కిందటేడు ఆ బండ మీద ఎలుగుబంటి బొంతమ్మ కాలు జారింది. వేసవి మొదట్లో ఇప్పపూలు తెగ మెక్కి పడుకున్న ఒళ్ళు కదా, జారడం కూడా ఘనంగానే జారింది. వెనక వస్తున్న అడవిపంది వీరాస్వామి మీద పడింది. వీరాస్వామి ఒక ముసలి కుందేలు మీద పడ్డాడు. అందరూ ఆగి ఆమెను వెనకనుంచి నెట్టుకుంటూ పైకి చేర్చారు. ఆ ఏడంతా అడవిలో అదే నవ్వు.

సింహం దొరవారు కూడా ఆ రోజు దారిలో చాలాసార్లు ఆగారు. అయితే ఆయన అడవి అందాలు చూడ్డానికి ఆగారని అందరూ చెప్పుకున్నారు. ఆయాసం అనే మాట దొరల విషయంలో వాడరు.

చలికాలంలో కొలువు జరిగింది. నక్క నాగభూషణం లేచి గొంతు సవరించుకున్నాడు.

"దొరా! ఒకరి ఒంటి బరువుకు ఊరంతా ఆగడం న్యాయం కాదు. వచ్చే వేసవికి గుట్ట ఎక్కలేనివాళ్ళు ఇక్కడే ఉండిపోవాలని నిబంధన పెట్టండి."

అన్ని కళ్ళూ బొంతమ్మ వైపు తిరిగాయి. ఆమె వీపు మీద అప్పుడే కళ్ళు తెరిచిన పిల్ల ఉంది. పేరు బుడంకాయ. వచ్చే వేసవికి ఆమె తన ఒంటితో పాటు ఈ పిల్లనూ మోసుకుని ఆ బండ ఎక్కాలి. ఎక్కలేకపోతే ఎండిన వాగు పక్కన ఇద్దరూ ఉండిపోవాలి. నీళ్ళుండవు. ఈల వేస్తూ గుంపుగా వేటాడే రేసుకుక్కలు మాత్రం ఉంటాయి.

దొరవారు తల ఊపారు. నిబంధన ఖాయమైంది.

వెంటనే నాగభూషణం రెండో మాట చెప్పాడు. "ఎవరూ కంగారు పడకండి. నా గుహలో జిమ్ము పెడుతున్నాను!"

ముందు భయం అమ్మాడు, వెనకే మందు అమ్మాడు. ఈ వ్యాపారం అడవిలోనే పుట్టిందని మాత్రం అనకండి.

జిమ్ము చూడ్డానికి బాగానే ఉంది. ఉన్నచోటే దొర్లే ఒక మొద్దు. దాని మీద ఎంత నడిచినా ఎక్కడికీ వెళ్ళం. తీగలకు కట్టిన రాళ్ళు. వాటిని ఎత్తాలి, మళ్ళీ అక్కడే దించాలి. గుమ్మం పక్కన మట్టిలో సింహం దొరవారి పంజా ముద్ర, కింద "మా మొదటి సభ్యులు" అని రాత. దొరవారికి కాలు బెణికిందట. ఆరోగ్యం బాగుపడ్డాక జిమ్ముకు వస్తానని సెలవిచ్చారు.

కసరత్తు నేర్పడానికి నెమలి మనోహర్ మాస్టారు. ఆయన నీటితొట్టి ముందు నిలబడి తన తోకను తానే చూసుకుంటూ, "ఇంకొక్కటి! ఇంకొక్కటి!" అని అరుస్తుంటాడు.

బొంతమ్మ వెళ్ళి నాగభూషణాన్ని అడిగింది. "ఫీజు ఎంత తమ్ముడూ?"

"నీ దగ్గర ఎక్కువ తీసుకుంటానా అక్కా! వారం వారం ఒక తేనెపట్టు ఇవ్వు చాలు."

తేనెపట్లంటే చేతికందే చోట ఉంటాయా? ఏనుగుకొండ కొమ్ముకు వేలాడుతుంటాయి. అయినా పిల్ల మొహం చూసి ఒప్పుకుంది.

పొద్దున్నే బుడంకాయను వీపున వేసుకుని కొండకు నడిచేది. రాతి పగుళ్ళలో గోళ్ళు దూర్చి పాకేది. ఒకరోజు పట్టు దొరికేది, ఒకరోజు తేనెటీగలు తరిమితే ఉత్త చేతులతో దిగేది. మధ్యలో ఆకలేస్తే చెదపుట్టలు తవ్వుకుని తినేది. తిరిగొచ్చేసరికి జిమ్ము మూసేసేవారు.

ఒక్కసారి మాత్రం వేళకు వెళ్ళగలిగింది. మొద్దు మీద వీరాస్వామి ఉన్నాడు.

"రా మరదలా! దారి మరిచిపోయావనుకున్నా."

"నీ తర్వాత నేనెక్కుతా బావా. తొందరగా కానీ."

"తొందరేంటి, ఇప్పుడే కదా వచ్చాను! అడవిదున్న ఆలస్యంగా వచ్చాడు."

"దున్న ఎందుకు?"

"మరి ఇక్కడిదాకా ఎవరు మోస్తారు? అంత దూరం నడిస్తే అలసిపోమూ? ఇక్కడికొచ్చాక నడవాలి కదా!"

"దుంపలు తవ్వుకోవడం లేదా?"

"తీరికెక్కడిది! ముళ్ళపందితో తవ్వించి ఇంటికే తెప్పించుకుంటున్నాను. ఆరోగ్యం ముఖ్యం మరదలా."

నడవడానికి నాలుగు కాళ్ళుండి, దున్ననెక్కి నడకకు వెళ్ళిన జాతిని ఏమనాలి? బొంతమ్మ మాత్రం అలా అనుకోలేదు. వాళ్ళ క్రమశిక్షణ చూసి సిగ్గుపడింది. తన వంతు వచ్చేలోపు పిల్ల ఏడ్చింది. ఎత్తుకుని వచ్చేసింది.

వారం తిరిగేసరికి పట్టు తీసుకెళ్ళి తల దించుకుని నిలబడింది. "ఫీజు కడుతున్నానే గానీ రాలేకపోతున్నాను తమ్ముడూ. మానేయనా?"

నాగభూషణం పట్టులో మూతి పెట్టాడు. కాసేపటికి తీశాడు. "అయ్యో, అంత మాటనకు! ఊరందరూ రోజూ వస్తే ఈ గుహ చాలుతుందా? రానివాళ్ళే ఈ సంస్థకు మూలస్తంభాలక్కా. కడుతూ ఉండు."

వాగు చిక్కిపోయింది. తర్వాత ఆగిపోయింది. ప్రయాణం రోజు వచ్చింది.

సభ్యులందరినీ దున్న గుట్ట కిందదాకా మోశాడు. అందరినీ దించేసి, ఒకసారి తల విదిల్చి, గుట్టెక్కి అవతలికి వెళ్ళిపోయాడు. అతని దమ్ము ఎవరూ గమనించలేదు. అతను సభ్యుడు కాదు కదా.

బొంతమ్మ గుట్ట వైపు చూసింది. ఇన్ని నెలల్లో కసరత్తు చేసింది లేదు, జిమ్ముకు వేళకు వెళ్ళింది ఒక్కసారే. "గట్టిగా పట్టుకోరా," అంది పిల్లతో. బండ దగ్గరికి రాగానే కళ్ళు మూసుకుంది. గోళ్ళు వాటంతటవే పగుళ్ళు వెతుక్కున్నాయి. ఇక్కడ ఈగలు లేవు, కుట్టేవాళ్ళు లేరు. ఏనుగుకొండ ముందు ఇదొక కొండేనా అనిపించింది. కళ్ళు తెరిచేసరికి బండ కింద ఉంది, తను పైన ఉంది.

వెనక్కి తిరిగి చూస్తే ఒక్కరూ లేరు.

వీరాస్వామి బండ మీద కాలు పెట్టాడు. మొద్దు అయితే తిరిగి కిందికొచ్చేది, ఈ బండ కదలదే! సగంలో ఆయాసపడి, "మాస్టారూ, లెక్కపెట్టండి!" అని కేకేశాడు. మాస్టారు ఎప్పుడో ఎగిరి కొమ్మ మీద కూర్చున్నారు. "ఇంకొక్కటి! ఇంకొక్కటి!"

"దిగి ఎక్కి చూపించవయ్యా!" అంటూనే వీరాస్వామి జారాడు. ఈసారి వెళ్ళి నాగభూషణం మీద పడ్డాడు. ఊరందరి ఫీజులూ ఒక్కడే తిన్న నాగభూషణం మెత్తగానే ఉన్నాడు. దెబ్బ తగల్లేదు గానీ లేవలేకపోయాడు. సింహం దొరవారు బండ మొదట్లో కూర్చుని అడవి అందాలు చూస్తున్నారు. చాలాసేపటి నుంచి చూస్తున్నారు.

కిందటేడు నలిగిన ముసలి కుందేలు బండ పక్కన చీలికలోంచి పైకి వచ్చి, తాపీగా అడిగాడు. "నాగభూషణంగారూ, ఎక్కలేనివాళ్ళు ఇక్కడే ఉండాలన్నారు కదండీ?"

నాగభూషణం చెవులు రిక్కించాడు. దూరంగా రేసుకుక్కల ఈల వినిపించింది. "దొరా! ఆ నిబంధనలో సవరణ చేయాలి!"

"చేశాం," అన్నారు దొరవారు, మాట పూర్తి కాకముందే. "ఎక్కగలిగినవాళ్ళు ఎక్కలేనివాళ్ళకు సాయం చేయాలి. తక్షణం."

బొంతమ్మ బుడంకాయను పైన నీడలో కూర్చోబెట్టి, వెనక్కి వెనక్కి పాకుతూ దిగింది. ఒక్కొక్కరూ ఆమె వీపు బొచ్చు పట్టుకుని ఎక్కారు. "మేము సొంతంగానే ఎక్కగలం," అంటూనే దొరవారు అందరికంటే గట్టిగా పట్టుకున్నారు. వీరాస్వామి తల దించుకుని, "నిరుడు నువ్వు జారితే చాలా నవ్వాను మరదలా," అన్నాడు.

"మాట్లాడకు బావా, ఆయాసం వస్తుంది," అందామె.

చివరికి నాగభూషణం మిగిలాడు. "అక్కా! నన్ను వదలకు అక్కా! బరువుంటానేమో..."

బొంతమ్మ ఆ ఒంటి వైపు ఒకసారి చూసింది. ఆ మెడ, ఆ పొట్ట, ఆ మెరుపు. ఆమెకు విషయమంతా అప్పుడు తెలిసింది. పకపకా నవ్వింది.

"ఎక్కు తమ్ముడూ. నీ బరువు నాకు కొత్తా? వారం వారం కొండ దింపి నీ గుమ్మంలో పెట్టిందాన్ని నేనే కదా!"

సాయంత్రానికి అందరూ మడుగులో మూతులు పెట్టారు. బుడంకాయ కడుపు నిండా తాగి నీళ్ళలోనే కునుకు తీశాడు. దొరవారు అక్కడే కొలువు తీర్చి, జిమ్ములో ఉత్తమ సభ్యురాలిగా బొంతమ్మను ప్రకటించారు. ఊపిరి అందగానే నాగభూషణం లేచి, మడుగు గట్టున కొత్త శాఖ తెరుస్తున్నానన్నాడు. అడవంతా చప్పట్లు కొట్టింది. కొట్టకేం చేస్తుంది, అడవి కదా!

వీరాస్వామి చెవి దగ్గర చేరాడు. "నిజం చెప్పు మరదలా, మాకు తెలియకుండా ఏ కసరత్తు చేశావు?"

"కసరత్తా? దానికి తీరికెక్కడిది బావా! ఫీజు కట్టేసరికే పొద్దు గూకేది."

కాబట్టి వినేవాళ్ళారా, జిమ్ములో తప్పకుండా చేరండి, ఒంటికి చాలా మంచిది. వెళ్ళే తీరిక మాత్రం దొరకనివ్వకండి.